అందమునకు చెల్లిన వెల: బి. ఎం. డబ్ల్యూ. 507 కారు చరిత్ర

2018వ సంవత్సరము జూలై మాసమున ఇంగ్లండులోని గుడ్‌వుడ్ అను చోట జరిగిన ఒక వేలములో, అరువది యేండ్లనాటి పాత కారొకటి 38 లక్షల పౌండ్లకు పైగా పలికినది. ఆ కారును తయారు చేసినది జర్మనీ దేశమున మ్యూనిక్ నగరములోని బి. ఎం. డబ్ల్యూ. సంస్థ. ఆ సంస్థయే 1959 డిసెంబరులో, ఇట్టి కార్లను తయారు చేయుట మానుకొన్న సంవత్సరముననే, తాను ఇతరులకు అమ్ముడుపోవు దశకు వచ్చినది. ఒక వస్తువు తన్ను నిర్మించినవారికి నష్టమును, తరువాతి తరమువారికి ఐశ్వర్యమును తెచ్చుట యెట్లు సంభవించినది? ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ కథయే.

రోడ్‌స్టర్ అను మాట మన శ్రోతలలో కొందరికి క్రొత్త కావచ్చును. ఇద్దరు మాత్రమే కూర్చుండుటకు వీలుగా, తలపై స్థిరమైన కప్పు లేక, వాన వచ్చినప్పుడు గుడ్డ టాపును లాగి కప్పుకొనునట్లు అమర్చిన వేగపు కారును రోడ్‌స్టర్ అందురు. ఇది సంసారి కొను కారు కాదు. ఇందులో పిల్లలకు చోటు లేదు. సామానునకు చోటు బహు తక్కువ. ఎండయు గాలియు ముఖమునకు సోకుచుండగా మంచి బాటపై వేగముగా పోవుటలోని ఆనందమే దీని ప్రయోజనము. కావున రోడ్‌స్టర్‌ను కొనువాడు అవసరమునకు గాక ముచ్చటకు కొనును. ముచ్చటకు కొను వస్తువునకు ఎంత వెల పెట్టవచ్చును అనునదే ఈ కథకు మూలమైన ప్రశ్న.

బి. ఎం. డబ్ల్యూ. సంస్థ మొదట పుట్టినది కార్లకొరకు కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున విమానములకు ఇంజనులు చేయుటతో దాని చరిత్ర ఆరంభమైనది. యుద్ధమున జర్మనీ ఓడిన పిదప, వెర్సాయి సంధి షరతుల వలన ఆ పని నిలిచిపోగా, సంస్థ 1923లో మోటారుసైకిళ్లను, 1928లో ఐజెనాక్ పట్టణమునందలి ఒక కర్మాగారమును కొని చిన్న కార్లను తయారు చేయసాగెను. 1936లో వెలువడిన 328 అను రోడ్‌స్టర్ దానికి అంతర్జాతీయ ఖ్యాతిని తెచ్చినది. 1940లో ఇటలీలో జరిగిన మిల్లె మిల్యా పందెమున 328 జాతి కారే ప్రథమ స్థానమును గెలుచుకొన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సంస్థ నాజీ ప్రభుత్వమునకు విమానపు ఇంజనులు చేసి పెట్టినది. వేలాది నిర్బంధ శ్రామికులచే ఆ పని చేయించినది. యుద్ధము ముగిసిన పిదప ఐజెనాక్ కర్మాగారము సోవియట్ సేనల అధీనమున చిక్కెను. మ్యూనిక్ కర్మాగారమునందలి యంత్రములను విజేతలు విప్పి తీసికొనిపోయిరి. విమానముల ఇంజనులు చేసిన చేతులు కొంతకాలము వంటపాత్రలను చేసి పొట్ట పోసికొనవలసి వచ్చినది.

1948లో మోటారుసైకిలుతో సంస్థ మరల తలయెత్తినది. కార్ల విషయమున మాత్రము అది పెద్ద తలంపునే పెట్టుకొన్నది. 1951లో ప్రదర్శించిన 501 అను కారు, 1954లో ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో వచ్చిన 502 కారు చాల గొప్పవి, చాల బరువైనవి. చర్చి గోడలపై చెక్కిన బొద్దు బొమ్మలవలె నున్నవని జర్మనులు వానికి ‘బరోక్ దేవతలు’ అని పేరు పెట్టిరి. 501 కారు వెల 15 వేల మార్కులకు పైబడినది. అది సగటు ఉద్యోగికి నాలుగేండ్ల జీతము. శిథిలములనుండి అప్పుడప్పుడే లేచుచున్న దేశమున అట్టి కార్లను కొనగలవారు ఎందరుందురు? ఈ లోటును పూరించుటకు సంస్థ 1955లో ఇటలీనుండి హక్కులు పొంది ఇసెట్టా అను గ్రుడ్డువంటి బుల్లి బండిని చేయసాగెను. దానికి తలుపు ముందుభాగముననే; యెక్కువారు ముక్కు తెరచి లోనికి పోవలెను. ఇట్లు సంస్థ అంగడిలో ఒకవైపు రాజులు ఎక్కు కారు, మరియొకవైపు బొమ్మవంటి బండి ఉండెను. డాక్టరో, వర్తకుడో, బడిపంతులో కొనదగిన మధ్యతరగతి కారు లేదు. ఈ మధ్యనున్న ఖాళీని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

ఇట్టి స్థితిలో అట్లాంటిక్ మహాసముద్రము ఆవలినుండి ఒక సలహా వచ్చినది. మాక్స్ హాఫ్‌మన్ అను నతడు ఆస్ట్రియా దేశమునుండి వలసపోయి న్యూయార్కు నగరమున స్థిరపడిన వర్తకుడు. యూరపు కార్లను అమెరికాకు దింపుకొని అమ్ముటలో అతనికి సాటివారు లేరు. 1954లో మెర్సిడెస్ సంస్థవారు 300 ఎస్. ఎల్. అను వేగపు కారును విడుదల చేయుటకు హాఫ్‌మన్ ప్రోద్బలమే కారణమని ప్రసిద్ధి. ధనికులైన అమెరికనుల అభిరుచి అతనికి కరతలామలకము. అమెరికా బజారున ఆంగ్లేయుల చౌక రోడ్‌స్టర్లు ఒక చివర, మెర్సిడెస్‌వారి అతి ఖరీదైన కారు మరియొక చివర ఉండెను. ఈ రెంటికి నడుమ 5000 డాలర్లకు ఒక అందమైన రోడ్‌స్టర్ దొరికినచో వేలకొలది అమ్మి చూపగలనని హాఫ్‌మన్ మ్యూనిక్‌వారికి ఆశ చూపెను. సంస్థయొద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజను ముందే ఉన్నది. దానికి తగిన దేహము కావలెను.

సంస్థలోనివారు గీసిన మొదటి నమూనా హాఫ్‌మన్ కంటికి ఆనలేదు. అతడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్యోర్ట్స్ అను చిత్రకల్పకుని సంస్థకు పరిచయము చేసెను. గ్యోర్ట్స్ 1914లో జర్మనీలో ఒక ప్రభువంశమున పుట్టి, 1936లో అమెరికాకు వలసపోయినవాడు. ఒక పాత కారుకు తన ఊహ ననుసరించి క్రొత్త రూపమిచ్చి తిరుగుచుండగా, పారిశ్రామిక రూపకల్పనలో పేరెన్నికగన్న రేమండ్ లోయీ ఆ కారును చూచి ముచ్చటపడి అతనిని చేరదీసెనని చెప్పుదురు. 1954 నవంబరులో బి. ఎం. డబ్ల్యూ. వారు గ్యోర్ట్స్‌తో ఒప్పందము చేసికొని, నలుగురు కూర్చుండు 503 కారును, ఇద్దరు కూర్చుండు 507 రోడ్‌స్టర్‌ను రూపొందించు పనిని అతనికి అప్పగించిరి. యంత్రభాగముల బాధ్యత 328 కాలమునుండి అనుభవము గడించిన ఫ్రిట్జ్ ఫీడ్లర్ అను ఇంజనీరుది.

ఆ కారు రూపమును మాటలలో చెప్పుట కష్టమే. ముందు భాగము పొడవుగా సాగి, సొరచేప ముక్కువలె కొంచెము ముందునకు వంగియుండును. ఆ సంస్థ గుర్తైన జంట మూత్రపిండముల ఆకారపు జాలీని గ్యోర్ట్స్ నిలువుగా గాక అడ్డముగా చాచెను. ముందు చక్రముల వెనుక ప్రక్కగోడలకు చేపమొప్పలవంటి గాలి సందులు, వాని నడుమ సంస్థ ముద్ర. వెనుక చక్రముపై దేహము మెల్లగా ఎగసి మరల దిగును. ఆ కాలపు అమెరికా కార్లపై కనబడు క్రోమియము తళుకులు, రెక్కలు, కొమ్ములు ఇందులో లేవు. మడిచిన టాపు సీట్ల వెనుక మూత క్రింద దాగి అసలు కనబడదు. ఇంజను 3168 సి. సి. పరిమాణము గలది, దాని బలము 150 అశ్వశక్తులు. నాలుగు గేర్లు గల ఈ బండి, వెనుక ఇరుసునకు అమర్చిన పండ్ల నిష్పత్తిని బట్టి, గంటకు 190 మొదలు 220 కిలోమీటర్ల వరకు పోగలిగెను. అల్యూమినియముతో చేసిన దేహమైనను కారు బరువు 1300 కిలోలకు మించినది.

1955 వేసవిలో న్యూయార్కునందలి వాల్డార్ఫ్ అస్టోరియా హోటలులో ఈ కారును మొదటిసారి ప్రదర్శించిరి. అదే సంవత్సరము సెప్టెంబరున ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున జర్మనులకు చూపిరి. చూచినవారు మెచ్చుకొనిరి. పత్రికలు ప్రశంసించెను. కాని ప్రశంసలు వచ్చిన తరువాత కారు వచ్చుటకు ఏడాదికి పైగా పట్టినది. 1956 నవంబరులో తయారీ ఆరంభమగునప్పటికి 5000 డాలర్లు అనుకొన్న వెల 9000 డాలర్లు అయ్యెను. పిమ్మట పదివేలను దాటెను. జర్మనీలో దాని వెల 26,500 మార్కులు. ఆ సొమ్ముతో ఒకడు దాదాపు ఏడు ఫోక్స్‌వాగన్ బీటిల్ కార్లను కొనవచ్చును.

వెల ఇట్లు రెట్టింపగుటకు కారణమేమి? ఇందులో మోసము లేదు, రహస్యము లేదు. రేకును కారు ఆకారమునకు వంచుటకు రెండు మార్గములు గలవు. పెద్ద యంత్రములలో ఉక్కు అచ్చులు బిగించి ఒక్క పోటున నొక్కుట మొదటిది. ఆ అచ్చులకు అపారమైన ధనము కావలెను. వేలకొలది కార్లు అమ్మినగాని ఆ ఖర్చు తిరిగిరాదు. పనివారు సుత్తెలతో రేకును చేతితో కొట్టి ఆకారము తెచ్చుట రెండవది. దీనికి పెట్టుబడి తక్కువ. కాని ప్రతి కారుకు పనిగంటలు లెక్కకు మించి పట్టును. 507 కారును రెండవ మార్గముననే చేసిరి. మన కంచరి చేసిన రెండు బిందెలు ఒకే తీరున ఉన్నట్లు తోచినను, ఒకదాని మూత రెండవదానికి సరిపడదు కదా! అట్లే ఒక 507 కారుకు చేసిన గట్టి టాపు మరియొక 507 కారుకు సరిగా అమరదని వాటిని బాగుచేయువారు చెప్పుదురు. వేలకొలది అమ్ముదుమను లెక్కతో 5000 డాలర్ల వెలను నిర్ణయించి, పదులకొలది చేయు పద్ధతిలో కారును తయారు చేసిరి. వెలయు పద్ధతియు ఒకదానికొకటి పొసగలేదు. అక్కడనే నష్టము పుట్టినది.

పదివేల డాలర్లు పెట్టగలవానికి మెర్సిడెస్‌వారి 300 ఎస్. ఎల్. ఎదురుగా నిలిచియుండెను. దానికి 215 అశ్వశక్తుల ఇంజను, పందెములలో గెలిచిన కీర్తి. 1957లో దానికిని టాపు లేని రూపము వచ్చెను. అంతే ధనమునకు ఎక్కువ బలము దొరకుచుండగా కొనువాడు ఏమి చేయును? హాఫ్‌మన్ ఆశించిన వేల అమ్మకములు జరుగలేదు. 300 ఎస్. ఎల్. కార్లు రెండు రూపములలో కలిపి 3200కు పైగా వెలువడగా, 507 కార్లు 1959లో తయారీ ఆగునాటికి మొత్తము 250కి కొంచెము ఎక్కువ మాత్రమే. ప్రతి కారు మీదను సంస్థకు నష్టమే వచ్చినది.

కొన్న కొద్దిమందిలో మాత్రము ప్రసిద్ధులు ఉండిరి. జాన్ సర్టీస్ అను ఆంగ్ల యువకుడు 1956లో 500 సి. సి. తరగతి మోటారుసైకిల్ పందెములలో ప్రపంచ విజేత కాగా, అతని యజమాని యైన ఇటలీ ప్రభువు అగుస్టా అతనికి 507 కారును బహూకరించెను. సర్టీస్ తరువాత 1964లో కారు పందెములలోను ప్రపంచ విజేత అయ్యెను. రెండు రంగములలోను ఆ బిరుదును పొందినవాడు అతడొక్కడే. ఆ కారుకు డిస్కు బ్రేకులు అమర్చి మెరుగుపరచుటలో అతడు స్వయముగా శ్రమపడెను. 2017లో మరణించువరకు దానిని విడువలేదు. మేము మొదట చెప్పిన వేలములో అమ్ముడుపోయినది ఆ కారే.

507 కారే సంస్థను ముంచినదని చెప్పుట వాడుక. ఇది సగము సత్యము మాత్రమే. సంస్థను అసలు పోషించుచుండినవి మోటారుసైకిళ్లు. 1954లో ముప్పదివేలకు చేరువగా తయారైన మోటారుసైకిళ్లు, ప్రజలు చిన్న కార్లవైపు మొగ్గుటచే, 1957 నాటికి ఆరువేలకు లోపుగా పడిపోయెను. బరోక్ దేవతలు నష్టము తెచ్చుచునే యుండెను. ఇసెట్టాలు ఎన్ని అమ్మినను వానిపై వచ్చు లాభము స్వల్పము. 250 కార్లు ఒక సంస్థను ముంచజాలవు. కాని మధ్యతరగతి కారును నిర్మించుటకు వెచ్చింపవలసిన ధనమును, ఇంజనీర్ల కాలమును, యజమానుల దృష్టిని ఆ సొగసైన కారు ఆకర్షించుకొన్నది. రోగమునకు మందు కొనవలసిన సొమ్ముతో పట్టుచీర కొన్నట్లయినది.

1959 డిసెంబరు 9వ తేదీన మ్యూనిక్‌లో సంస్థ వాటాదారుల సభ జరిగెను. పాలకవర్గము వారి యెదుట ఒక ప్రతిపాదనను పెట్టినది. పాత వాటాల విలువను తగ్గించి, క్రొత్త వాటాలను డైమ్లర్-బెంజ్ సంస్థకు, అనగా మెర్సిడెస్ కార్ల సంస్థకు, అప్పగించుట దాని సారాంశము. పాత వాటాదారులకు ఆ క్రొత్త వాటాలపై హక్కు లేదు. ఎవరి కారు ముందు 507 ఓడిపోయినదో వారి చేతికే మ్యూనిక్ కర్మాగారము పోవలసి వచ్చినది. అట్లయినచో ఆ కర్మాగారము మెర్సిడెస్ కార్లకు భాగములు చేయు శాఖగా మిగులునని అందరికి తెలియును. బవేరియా ప్రాంతపు వేలాది పనివారి బ్రతుకు, ఆ కార్లను అమ్ము వర్తకుల బ్రతుకు, తమ ఆదాను వాటాలలో పెట్టిన చిన్న మనుష్యుల సొమ్ము ఆనాడు త్రాసులో నుండెను.

ఓట్ల బలము పాలకవర్గము పక్షముననే ఉన్నది. జర్మనీలో ఖాతాదారులు దాచుకొన్న వాటాల తరఫున బ్యాంకులే ఓటు వేయు ఆచారము గలదు. గంటల తరబడి వాగ్వాదము జరిగెను. ఫ్రీడ్రిఖ్ మాటెర్న్ అను న్యాయవాది వర్తకుల పక్షమున, చిన్న వాటాదారుల పక్షమున లేచి, ఆదాయవ్యయముల పట్టికను వ్రేలితో చూపెను. 700 అను క్రొత్త చిన్న కారును రూపొందించుటకైన ఖర్చు నంతయు ఒక్క సంవత్సరపు పద్దులోనే వ్రాసివేసినారనియు, అందుచే నష్టము ఉన్నదానికన్న పెద్దదిగా కనబడుచున్నదనియు ఆక్షేపించెను. పద్దులలో దోషమున్నదని పదింట ఒక వంతు వాటాలు గలవారు ఆక్షేపించినచో, చట్టము ప్రకారము సభను వాయిదా వేయవలెను. ఆ పదవ వంతు సమకూడినది. సభ వాయిదా పడెను. డైమ్లర్-బెంజ్‌వారి ప్రతిపాదనకు ఆ దినముతోనే గడువు ముగిసినందున అది కుప్పకూలెను.

పెద్ద వాటాదారులలో ఒకడైన హెర్బర్ట్ క్వాంట్ ఈ పోరాటమును చూచి మనస్సు మార్చుకొన్నట్లు చరిత్రకారులు చెప్పుదురు. మొదట విలీనమునకు సుముఖుడైన అతడు, పిమ్మట సొంత ధనమును సంస్థలో పెట్టి తన వాటాను పెంచుకొనెను. పద్దులలో ఆక్షేపణకు గురియైన ఆ 700 కారే జనాదరణ పొంది సంస్థకు ఊపిరి పోసినది. 1961లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున 1500 అను మధ్యతరగతి కారును చూపిరి. పది సంవత్సరములు అంగడిలో ఖాళీగా నుండిన ఆ చోటు అప్పటికి నిండినది. అక్కడినుండి సంస్థ వెనుదిరిగి చూడలేదు.

ఇక ఒక 507 కారు ప్రయాణమును చెప్పి ముగింతుము. అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ సైనిక సేవకై జర్మనీలో నుండగా 1958 డిసెంబరులో తెల్లని 507 కారును తీసికొనెను. అభిమానులైన పడుచులు లిప్‌స్టిక్కుతో దానిపై వ్రాతలు వ్రాయుచుండుటచే అతడు దానికి ఎఱ్ఱరంగు వేయించెనట. తరువాత ఆ కారు సముద్రము దాటి, అలబామా రాష్ట్రమున ఒక రేడియో వ్యాఖ్యాత చేతికి వచ్చెను. మా వృత్తివాడే యగు ఆ మహానుభావుడు అసలు ఇంజనును తీసివేసి, అమెరికా ఇంజనును బిగించి పందెములలో పరుగెత్తించెను! ఆనాడు దానిని ఒక పాత కారుగానే అందరు తలచిరి. 1968లో కాలిఫోర్నియాకు చెందిన ఒక ఇంజనీరు దానిని కొనెను. అది పెక్కు సంవత్సరములు ఒక గుమ్మడికాయల కొట్టములో దుమ్ము పట్టి పడియుండెను. చివరకు మ్యూనిక్‌వారే దానిని తెప్పించుకొని, రెండేండ్లు శ్రమించి, దొరకని భాగములను నూతన యంత్రములపై ముద్రించి, మరల తెల్లరంగు వేసి 2016 ఆగస్టులో లోకమునకు చూపిరి. అమ్మలేక అలసిపోయిన కారును ఆ సంస్థయే వెదకి తెచ్చుకొన్నది. అంతకుముందే, 2000 ప్రాంతమున, 507 పోలికలతో జెడ్ 8 అను రోడ్‌స్టర్‌ను తయారు చేసి 5700కు పైగా అమ్మెను. 2006లో మరణించిన గ్యోర్ట్స్ ఆ దినమును కన్నులార చూచెను.

ఇప్పుడు ఆ కారును చూచువారందరు దానిని సఫలమైన కళాకృతి యందురు. మేమును కాదనము. కాని ఆ అందమునకు వెల చెల్లించినవారు వేలములో పాడినవారు కారు. రేకును కొట్టిన పనివారు, లాభాంశము రాని వాటాదారులు, కర్మాగారము మూతపడునేమో యని నిద్రలేని రాత్రులు గడపిన కుటుంబములు ఆ వెలను మొదటనే చెల్లించిరి. 507 నేడు పూజ లందుకొనుచున్నదన్న, దాని సౌందర్యము ఎంత కారణమో, ఆ డిసెంబరు దినమున పద్దులు శ్రద్ధగా చదివినవారి పట్టుదలయు అంత కారణము. ఆనాడు వారు ఊరకున్నచో, ఆ గుమ్మడికాయల కొట్టమునుండి కారును వెదకి తెచ్చుకొనుటకు మ్యూనిక్‌లో నేటి సంస్థయే ఉండియుండదు.